కాచిన నీళ్ళు, కాపు కాయవలసిన నీళ్ళు

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చిన మా మనవరాలు మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ దించేసింది.

"తాతయ్యా, ఈ నీళ్ళు మట్టివాసన వేస్తున్నాయి."

"కాచి చల్లార్చిన నీళ్ళేనే తల్లీ! కాచాక ఇంకేం భయం? తాగు" అంది వంటింట్లోంచి వాళ్ళ నాయనమ్మ.

నేనూ గ్లాసు అందుకుని వాసన చూశాను. నిజమే. తొలకరి చినుకులకు మన పెరట్లో లేచే వాసనే. "ఈ వాసనకి భయపడక్కర్లేదు చిట్టీ. కానీ మీ నాయనమ్మ అన్న రెండో మాట ఉందే, 'కాచాక ఇంకేం భయం' అని, అది క్రిముల విషయంలో నిజమే, అన్నిటికీ కాదు. అది పనికిరాని సందర్భం ఒకటి చెబుతాను, తమ్ముణ్ణి కూడా పిలు" అన్నాను. ఇద్దరూ వచ్చి అరుగు మీద చేరారు. ఆ కబుర్లే ఇవి.

ముందు వాసన సంగతి. తొలకరి వాసనకి ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. నేలలో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని తయారుచేస్తాయి. దాన్ని పసిగట్టడంలో మన ముక్కు మహా దిట్ట. పది లక్షల లీటర్ల నీళ్ళలో ఒక గ్రాములో నూరోవంతు కలిసినా చాలు, 'మట్టివాసన' అనేస్తుంది. జియోస్మిన్ తాగితే ఏమీ కాదు. కాకపోతే అది చెరువు దగ్గర్నుంచి ఒక కబురు మోసుకొస్తుంది. ఎందుకంటే నీళ్ళలో దాన్ని తయారుచేసేవాళ్ళు చాలాసార్లు సయనోబ్యాక్టీరియాలు.

"సయనైడా?" అన్నాడు మనవడు కళ్ళు పెద్దవి చేసి. కాదురా నాన్నా. గ్రీకు భాషలో ఆ మాటకి నీలం అని అర్థం, అంతే. మీ పుస్తకాల్లో నీలి ఆకుపచ్చ శైవలాలు అని ఉంటుంది. రైతులు నీలి ఆకుపచ్చ నాచు అంటారు. పేరుకి నాచే గాని ఇది నిజం నాచు కాదు, బ్యాక్టీరియా. మొక్కలాగా ఎండతో తన అన్నం తానే వండుకునే బ్యాక్టీరియా.

వీటి తప్పులు చెప్పేముందు వీటికి ఒక దణ్ణం పెట్టాలి. ఒకప్పుడు భూమి గాలిలో ఆక్సిజన్ అన్నదే లేదు. దాదాపు 240 కోట్ల ఏళ్ళ కిందట గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైందంటే అది వీటి చలవే. మన పెరట్లో తోటకూర ఆకు పచ్చగా ఉందంటే, ఆ ఆకులో ఎండను పట్టే రేణువులు కూడా ఒకప్పటి సయనోబ్యాక్టీరియాల సంతతే. మనం తినే వరికీ ఇవి చుట్టాలే. వరిమడిలో ఇవి గాలిలోని నత్రజనిని పట్టి పైరుకి అందిస్తాయని 1939లో పి.కె. డే అనే మన శాస్త్రవేత్త చూపించాడు. అజొల్లా అనే నీటిమొక్క ఆకుల మడతల్లో కాపురముండేదీ ఈ జాతిదే. మడిలో పెంచుకుని ఎరువుగా వాడుకునే రైతులు నేటికీ ఉన్నారు.

"మరి ఇంత మంచివాళ్ళు చెడ్డవాళ్ళెలా అయ్యారు తాతయ్యా?"

అందరూ కాలేదమ్మా. ఇందులో కొన్ని జాతులే విషం తయారుచేస్తాయి. చిత్రమేమిటంటే ఒకే జాతిలో కొన్ని వంశాలు చేస్తాయి, కొన్ని చేయవు. సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. జియోస్మిన్‌ని అంత చురుగ్గా పట్టే మన ముక్కు ఈ విషాలను బొత్తిగా పట్టలేదు. వాటికి వాసనా లేదు, రంగూ లేదు. నీళ్ళు వాసన వేసినంత మాత్రాన విషం ఉన్నట్టు కాదు. వాసన లేనంత మాత్రాన విషం లేనట్టూ కాదు.

పెద్ద పెద్ద జలాశయాల్లో ఎక్కువగా బాధపెట్టేది మైక్రోసిస్టిస్ అనే రకం. దాని బతుకు తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కో కణం కంటికి కనిపించనంత చిన్నది. అలాంటివి వందలూ వేలూ జిగురులో చుట్టుకుని గుంపులుగా ఉంటాయి. ప్రతి కణంలోనూ ప్రోటీనుతో కట్టుకున్న సన్నసన్నని గాలి గొట్టాలుంటాయి. ఈత నేర్చుకునేటప్పుడు మేం నడుముకి సొరకాయ బుర్ర కట్టుకునేవాళ్ళం చూడు, అలాంటివే అవి. పగలంతా ఎండలో వండుకున్న పిండిపదార్థం లోపల చేరితే కణం బరువెక్కి కిందికి దిగుతుంది. అడుగున ఎరువు దొరుకుతుంది. రాత్రి ఆ తిండి ఖర్చయిపోతే తేలికపడి మళ్ళీ పైకొస్తుంది. మిగతా నాచుకి ఈ విద్య రాదు. నీళ్ళు వెచ్చగా, కదలకుండా ఉన్నప్పుడు ఈ విద్య తెలిసినదే చెరువుని ఏలుతుంది. గాలి లేని వేసవిలో తెల్లవారుజామున గట్టు మీదికి వెళ్తే, ఎవరో ఆకుపచ్చ పెయింటు డబ్బా ఒలకబోసినట్టు ఒక తెట్టు కనిపిస్తుంది. గాలి లేచిందంటే ఆ తెట్టంతా ఒక మూలకి కొట్టుకుపోతుంది. విషం ఎక్కువగా పోగుపడేది ఆ మూలే.

పశువులకు ఈ తెట్టు చేసే హాని మనుషులు ముందే గమనించారు. 1878లో ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సులో ఇలాంటి తెట్టు తాగి గొర్రెలూ పశువులూ చనిపోతున్నాయని జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఆయన 'నేచర్' పత్రికకి రాశాడు. ఈ విషయం మీద శాస్త్రలోకానికి అందిన తొలి వివరాల్లో అదొకటి.

మైక్రోసిస్టిస్ చేసే విషం పేరు మైక్రోసిస్టిన్. ఏడు అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చి, రెండు కొసలూ ముడివేస్తే వచ్చే ఉంగరం అది. కొసలు లేని ఉంగరం కనక అంత తొందరగా విరగదు. దాని గురి మన కాలేయం. పైత్యరసం తయారీకి కావలసిన లవణాలను కాలేయం లోపలికి తెచ్చుకునే తలుపులు కొన్ని ఉన్నాయి. ఈ విషం ఆ తలుపుల్లోంచే దూరుతుంది. లోపల కణాలను నిలబెట్టే వాసాలు ఉంటాయి, వాటిని సరిచూసుకునే ఎంజైములు ఉంటాయి. ఇది ఆ ఎంజైములను పట్టుకుని కదలనివ్వదు. మోతాదు మించితే వాసాలు కూలి కాలేయం లోపలే రక్తం కారుతుంది.

ఎంత ఉంటే ఎక్కువ? జీవితాంతం తాగే నీళ్ళలో లీటరుకి ఒక మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈ లెక్క మా మనవరాలికి అందలేదు. అందుకని ఇలా చెప్పాను. మన వీధిలోకి వచ్చే నీళ్ళ ట్యాంకరు పదివేల లీటర్లది అనుకో. అలాంటివి నూరు ట్యాంకర్లు వరసగా నిలబెట్టు. ఆ నూరింటిలో కలిపి ఒక్క గ్రాము. నీ పాలలో వేసే చిన్న చెంచాడు పంచదారలో నాలుగోవంతన్నమాట.

ఇప్పుడు నాయనమ్మ మాట దగ్గరికి వద్దాం. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో టొలీడో అనే ఊరుంది. ఈరీ సరస్సు నీళ్ళే వాళ్ళకి మంచినీళ్ళు. 2014 ఆగస్టు 2, శనివారం. ఇంకా తెల్లవారకముందే నగరపాలకులు ఒక హెచ్చరిక చేశారు. కుళాయి నీళ్ళు తాగొద్దు. దానికి తోడు మరొకమాట: కాచొద్దు. శుద్ధిచేసి వదిలిన నీళ్ళలోనే మైక్రోసిస్టిన్ హద్దు దాటి కనిపించింది మరి. నాలుగు లక్షల మందికి పైగా జనం. తెల్లారేసరికి దుకాణాల్లో నీళ్ళ సీసాలు ఖాళీ. జనం కార్లేసుకుని పక్క రాష్ట్రానికి పరుగెత్తారు. సైనిక దళాలు నీళ్ళు తెచ్చి పంచాయి. మంచినీటి సముద్రం లాంటి సరస్సు ఒడ్డున కూర్చుని ఊరంతా నీళ్ళకోసం వరసలో నిలబడింది. ఆగస్టు 4, సోమవారం ఉదయానికి గాని ఆ హెచ్చరిక ఎత్తలేదు. ఆ రోజు నగర మేయరు అందరి ముందూ ఒక గ్లాసు కుళాయి నీళ్ళు తాగి చూపించాడు.

కాచొద్దని ఎందుకన్నారు? మనం నీళ్ళు కాచేది ప్రాణమున్న క్రిములను చంపడానికి. కలరా క్రిమి అయినా టైఫాయిడ్ క్రిమి అయినా మరిగే నీళ్ళలో చస్తుంది. కానీ మైక్రోసిస్టిన్‌కి ప్రాణం లేదు. ప్రాణం లేనిదాన్ని చంపేదేముంది? ఆ ఉంగరం మరిగే నీళ్ళకి విడిపోదు. పైగా మరిగేకొద్దీ నీరు ఆవిరైపోయి విషం చిక్కబడుతుంది. చారు మరిగితే ఉప్పు ఎక్కువైనట్టే. అంతేకాదు, నీళ్ళలో ఇంకా చెక్కుచెదరని కణాలు ఉంటే, వేడికి అవి పగిలి లోపలి విషం కూడా బయటికొస్తుంది.

ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండర్రా. ఈ విషం చాలావరకు కణం లోపలే దాగి ఉంటుంది. కణం పగిలితేనే నీళ్ళలో కలుస్తుంది. ఇది తెలియక ఒక ఊరు పడిన బాధ చెబుతాను. ఆస్ట్రేలియాలో పామ్ ఐలండ్ అనే దీవి ఉంది. అక్కడ ఎక్కువమంది ఆదివాసులు. 1979లో వాళ్ళ మంచినీళ్ళ ఆనకట్టలో నాచు పెరిగి నీళ్ళు రుచీ వాసనా మారాయి. నాచుని చంపుదామని ఆనకట్టలో మైలుతుత్తం కలిపారు. నాచు చచ్చింది. కొద్ది రోజుల్లోనే 148 మంది కాలేయం పాడై, వాంతులతో జబ్బుపడ్డారు. వాళ్ళలో పదిమంది తప్ప అంతా పిల్లలే. మైలుతుత్తం కణాలను పగలగొట్టడంతో ఉన్న విషమంతా ఒక్కసారి నీళ్ళలో కలిసిపోయింది. ఆ విషం మైక్రోసిస్టిన్ కాదు, సయనోబ్యాక్టీరియాలే చేసే మరో విషం, సిలిండ్రోస్పెర్మాప్సిన్. దాన్ని విడదీసి గుర్తుపట్టడానికి 1992 దాకా పట్టింది.

బ్రెజిల్‌లోని కరువారు ఊళ్ళో 1996లో జరిగింది ఇంకా ఘోరం. కిడ్నీలు పనిచేయని రోగులకు రక్తశుద్ధి చేసే చోట వాడిన నీళ్ళలో ఈ విషాలున్నాయి. మనం రోజుకి రెండు మూడు లీటర్లు తాగుతాం, అవీ పేగుల వడపోత దాటాలి. రక్తశుద్ధికి ఒక్కసారికే వంద లీటర్లకు పైగా నీళ్ళు వాడతారు, అవి నేరుగా రక్తం పక్కనుంచే పోతాయి. వందమంది రోగుల కాలేయం దెబ్బతింది. యాభై మంది దాకా ప్రాణాలు పోయాయి. పిల్లలకి ఈ కథ చెబుతూ నా గొంతు పట్టుకుపోయింది. చెప్పకుండా ఉండనూ లేకపోయాను. బతకడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు.

"అయితే నీళ్ళు శుభ్రంచేసే చోట ఏమీ చేయలేరా?" అని అడిగింది పాప. చేయగలరు, వరస తప్పకపోతే. మా చిన్నప్పుడు కాలువ నీళ్ళు బిందెలో పోసి చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళం. తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి దిగి పైన తేరిన నీళ్ళు ఉండేవి. నీటిశుద్ధి కేంద్రంలో పటిక చేసేదీ ఆ పనే. కణాలను పగలనివ్వకుండా, ఉన్నవాటిని ఉన్నట్టే ముద్దకట్టించి కిందికి దించేయాలి. ఇది మొదటి మెట్టు. ఈ మెట్టు దాటకముందే క్లోరిన్ పోశారా, మైలుతుత్తం కథే మళ్ళీ. అప్పటికే నీళ్ళలో కలిసిన విషానికి యాక్టివేటెడ్ కార్బన్ వాడాలి. అది ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొడి. దాని ఒళ్ళంతా సన్నని రంధ్రాలే, విషం వాటిలో చిక్కుకుంటుంది. టొలీడోలో ఆ రోజుల్లో ఆ పొడినే ఎక్కువెక్కువగా కలిపారు. ఆఖరున క్లోరిన్. తగిన మోతాదులో తగినంతసేపు ఉంటే మిగిలిన మైక్రోసిస్టిన్‌ని చాలావరకు అదే విరగ్గొడుతుంది. మన ఇళ్ళలోని క్యాండిల్ ఫిల్టర్లు క్రిముల కోసం చేసినవి, ఈ విషాన్ని ఆపలేవు.

అయితే ఇదంతా ఇల్లు అంటుకున్నాక నీళ్ళు మోయడమే. నిప్పు ఎక్కడ రాజుకుంటోందో చూడాలి. కెనడాలోని ఒంటారియో అడవుల్లో పరిశోధన కోసమే విడిచిపెట్టిన సరస్సులున్నాయి. వాటికి పేర్లు లేవు, అంకెలే. 226వ సరస్సు నడుము సన్నగా ఉండి 8 అంకెలా ఉంటుంది. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం ఆ నడుము దగ్గర ప్లాస్టిక్ తెర కట్టి సరస్సుని రెండు చేసింది. రెండు వైపులా కర్బనం, నత్రజని కలిపారు. ఒక్క వైపు మాత్రం భాస్వరం అదనంగా కలిపారు. కొద్ది వారాలకి విమానంలోంచి ఫొటో తీస్తే తెరకి ఒక పక్క నల్లని తేట నీళ్ళు, రెండో పక్క చిక్కటి ఆకుపచ్చ. ఆ ఫొటో ముందు ఇక వాదన లేకపోయింది. మంచినీటి సరస్సులో నాచుని పెంచేది ముఖ్యంగా భాస్వరం.

భాస్వరం అంటే మనకి కొత్తదా? రైతుకి డీఏపీ బస్తా. యాభై కిలోల బస్తాలో అసలు భాస్వరం సుమారు పది కిలోలు. భాస్వరం తన బరువుకి దాదాపు 500 రెట్ల నాచుని పెంచగలదని లెక్క. అంటే ఒక్క బస్తాలోని భాస్వరమంతా వానకి కొట్టుకుపోయి చెరువులో పడితే అయిదు టన్నుల నాచుకి తిండి. టొలీడోకి ఆ గతి పట్టిందీ ఇలాగే. మౌమీ నది మొక్కజొన్న, సోయా పొలాల మీద పడిన వాననీళ్ళనీ, వాటితోపాటు ఎరువునీ మోసుకొచ్చి ఈరీ సరస్సు పడమటి కొసన పోస్తుంది. అక్కడ లోతు తక్కువ, నీళ్ళు వెచ్చన. ఎరువుతో పాటు ఊళ్ళ మురుగులోనూ పేడలోనూ భాస్వరం ఉంటుంది. సయనోబ్యాక్టీరియా మన మీద పగబట్టి రాలేదర్రా. మనం వడ్డిస్తే వచ్చి కూర్చుంది.

మన హైదరాబాద్ సంగతి చూడండి. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్విన హుస్సేన్ సాగర్ ఒకప్పుడు మంచినీళ్ళ చెరువు. ఊరి మురుగు, ఫ్యాక్టరీల మురుగు తాగీ తాగీ ఈ రోజు అది పచ్చబడి, గ్లాసుతో ముంచుకోవడం మాట అటుంచి, గట్టున ముక్కు మూసుకోవలసిన స్థితికి వచ్చింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, అంటే గండిపేట, హిమాయత్ సాగర్ ఇంకా మంచినీళ్ళ చెరువులుగా మిగిలాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర ఫ్యాక్టరీలూ పెద్ద కట్టడాలూ రాకూడదని 1996లో 111 నంబరు జీవో తెచ్చారు. ఆ జీవో చుట్టూ ఎన్ని వాదాలైనా నడవనీ, అందులోని ఆలోచన మాత్రం బంగారం లాంటిది. చెరువంటే నీళ్ళు మాత్రమే కాదు, ఆ నీళ్ళు ఎక్కడినుంచి నడిచి వస్తున్నాయో ఆ నేలంతా చెరువే.

పోయింది రాదని దిగులుపడకండి. అమెరికాలోనే సియాటిల్ పక్కన వాషింగ్టన్ సరస్సు ఉంది. 1950ల్లో చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ మురుగుని అందులోకే వదిలేవి. 1955లో ఎడ్మండ్‌సన్ అనే ఆచార్యుడూ ఆయన తోటివాళ్ళూ ఆ నీళ్ళలో ఒక సయనోబ్యాక్టీరియాని గుర్తుపట్టారు. యూరప్‌లో సరస్సులు పాడయ్యేముందు అదే కనిపించేదని ఆయనకి తెలుసు. జనానికి వివరంగా చెప్పాడు. 1958లో జనం ఓట్లేసి, తమ డబ్బు పెట్టి మురుగుని వేరే దారికి మళ్ళించుకోవడానికి ఒప్పుకున్నారు. 1968కి ఆ పని పూర్తయింది. సరస్సు తేటదనం కొలవడానికి అన్నం పళ్ళెమంత తెల్లని బిళ్ళని తాడుతో నీళ్ళలోకి దించుతారు. మురుగు రోజుల్లో అది ఒక మీటరు దిగేసరికే కనుమరుగయ్యేది. మళ్ళించాక కొన్నేళ్ళకే మూడు మీటర్ల లోతులోనూ కనిపించింది. తిండి మానిపిస్తే చెరువు తనంతట తానే కోలుకుంటుంది.

ఇంతవరకూ వింటున్న మా మనవరాలు, "అయితే నాయనమ్మ నీళ్ళు కాచడం మానెయ్యాలా?" అంది. వద్దమ్మా! క్రిములకి కాచిన నీళ్ళను మించిన మందు లేదు. అది రోజూ చేయవలసిందే. కానీ చెరువులో ఆకుపచ్చ తెట్టు కట్టిందని తెలిసినరోజు ఆ నీళ్ళు కాచి తాగుదామనుకోకూడదు. ముట్టుకోకూడదు, పశువుల్నీ కుక్కల్నీ దిగనివ్వకూడదు, నీళ్ళు వదిలేవాళ్ళకి వెంటనే కబురు చేయాలి.

మా ఊళ్ళో మంచినీళ్ళ చెరువుకి ఒక కాపలా మనిషి ఉండేవాడు. చేతికర్రతో రోజంతా గట్టు మీదే. బట్టలు ఉతకనిచ్చేవాడు కాదు, గేదెల్ని దిగనిచ్చేవాడు కాదు, కాళ్ళతో నీళ్ళలోకి దిగి బిందె ముంచితే ఊరుకునేవాడు కాదు. మురికి కాలువ చెరువు వైపు తిరిగితే తానే పార పట్టుకుని గండి పూడ్చేవాడు. ఆయనకి భాస్వరం పేరు తెలియదు. గట్టు బాగుంటే నీళ్ళు బాగుంటాయని మాత్రం తెలుసు. మన భాష చూడండి, మరిగించడాన్నీ కాచడమే అంటుంది, కనిపెట్టుకుని ఉండడాన్నీ కాచడమే అంటుంది. పొయ్యి మీద కాచడం ఒక ఇంటి పని. గట్టు మీద కాయడం ఊరందరి పని. రెండోది మానేస్తే మొదటిది మనల్ని కాపాడలేదు.

"మన చెరువులో ఆ తెట్టు ఉందేమో చూద్దామా తాతయ్యా?" అన్నాడు మనవడు. తేలిగ్గా చూసే ఉపాయం ఒకటుంది. పారదర్శకంగా ఉన్న సీసాలో చెరువు నీళ్ళు ముప్పాతిక వంతు నింపి కదపకుండా రాత్రంతా ఉంచాలి. మామూలు నాచైతే అడుక్కి దిగుతుంది. గాలి గొట్టాలున్న సయనోబ్యాక్టీరియా అయితే ఆకుపచ్చ వలయంలా పైన తేలుతుంది. అందులో విషం ఉందో లేదో ఈ సీసా చెప్పలేదు, దానికి ప్రయోగశాల కావాలి. ప్రయోగశాలకి కబురు చేయాలా అన్నది మాత్రం చెబుతుంది. నీళ్ళు నేనే తీస్తాను, చేతికి తొడుగు వేసుకుని. మీరు గట్టు మీద నిలబడి చూడాలి.

పాప ఖాళీ సీసా కడిగి గుమ్మం దగ్గర పెట్టింది. అలారం అయిదింటికి పెట్టమంది. గాలి లేవకముందే గట్టు చేరుకోవాలిగా.